కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌లో కాపురం

మా ఇంట్లో బేరమాడకుండా కొన్న వస్తువు లేదు. నేను పుట్టినప్పుడు మంత్రసాని మగపిల్లాడికి ఒక రేటు, ఆడపిల్లకు ఒక రేటు చెబితే, "ముందు సరుకు బయటికి రానియ్యి, చూసి మాట్లాడుకుందాం" అని మా నాయనమ్మ ఆమెను గడప దగ్గరే నిలబెట్టిందట. అట్లాంటి ఇంట్లో పెరిగినవాణ్ని, హైదరాబాదు పోయి రెండు పాములు కొనుక్కొచ్చానంటే ఎవరో నన్ను నిలువునా ముంచారని మీరు అనుకుంటారు. నేను మాత్రం ముంచింది నేనేననుకున్నాను. టేకులపల్లి దాకా బస్సులో నవ్వుకుంటూనే వచ్చాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు. రూపాయి బిళ్ల వేస్తే మాట్లాడే ఫోన్ డబ్బా మా కొట్టు ముందు కొత్తగా వేలాడుతున్న రోజులు. టేకులపల్లి రోడ్డు మీద మాది కిరాణా కొట్టు. నాయన పోయాక గల్లాపెట్టె దగ్గర అమ్మ కూర్చునేది, సరుకు కోసం నేను తిరిగేవాణ్ని. దసరా గిరాకీకి గాజులు, రిబ్బన్లు, ప్లాస్టిక్ బిందెలు తెద్దామని హైదరాబాదు పోయినప్పుడు, పక్షులూ రంగుచేపలూ అమ్మే ఒక సందులో అద్దాల పెట్టె ముందు నా కాళ్లు ఆగిపోయాయి. లోపల రెండు పాములు. ఖమ్మం యార్డులో మొదటి రకం ఎండుమిర్చి ఉంటుందే, ఆ రంగు.

"భయపడకన్నా, విషం ఉండదు," అన్నాడు దుకాణం అతను. "అమెరికా పాము. ఆడ మక్కజొన్న కొట్టాలల్ల ఎలుకలను తిని బతుకుతది. కార్న్ స్నేక్ అంటరు."

అంటూనే ఒకదాన్ని తీసి నా మణికట్టు మీద వేశాడు. దాని పొట్ట కింద తెలుపూ నలుపూ గళ్లు, రంగుల కంకి మీద గింజలు పేర్చినట్టు. అది నా చేతికి రెండు చుట్లు చుట్టుకుని, చొక్కా గుండీ దగ్గర తల ఆనించి ఊరుకుంది. నా జన్మలో ధర అడగకుండా నా చెయ్యి పట్టుకున్న ప్రాణి అదొక్కటే.

అయినా బేరం బేరమే. నేను సగం నుంచి మొదలుపెట్టాను. మెట్లు దిగి పోతున్నట్టు నటించాను, అతను పిలవలేదు, సిగ్గు లేకుండా నేనే వెనక్కి వచ్చాను. చివరికి నేననుకున్న రేటుకే తెగింది. గుడ్డసంచీలో వేస్తూ అతను అన్నాడు:

"పిల్లలు జేపియ్యాలంటే ఆడ, మగ చూస్కొని తీస్కపోవాలె. మా కాడ ఒకాయన ఉన్నడు, సన్నటి పుల్లతోటి చూసి చెప్తడు. దానికి చార్జీ వేరే."

"చూసుడుకు గూడ చార్జా?"

"చూసుట్లనే ఉంటదన్నా అసలు సంగతి."

"పప్పును చేత్తో పట్టుకొని ఏ ఊరి పప్పో చెప్తం మేము. నాకు చూసుడు నేర్పుతవా? ఆ లావుది ఆడది, ఈ సన్నది మగది. కట్టు."

"మీ ఇష్టం. రేపొచ్చి నన్నడగొద్దు," అని అతను సంచీ మూతి కట్టాడు. ఆఖరి నిమిషంలో ఇంకో ఖర్చు తగిలించబోయాడనీ, నేను దొరకలేదనీ అనుకున్నాను. బస్సులో నవ్వింది అందుకే.

ఇంటికి రాగానే అమ్మ సరుకు దింపించుకుంటూ అడిగింది. "గా సంచిల ఏంది రా?"

"ఎలుకల మందు."

"మందయితె కదుల్తుందేంది?"

చెప్పక తప్పలేదు. అమ్మ అరవలేదు. సరుకు నచ్చనప్పుడు అమ్మ ఎప్పుడూ అరవదు, షరతు పెడుతుంది. మా కొట్టుకు ఒకటే చట్టం: తెచ్చిన సరుకు ఒక సీజన్లో కదలాలి, కదలకపోతే తెచ్చినచోటికే వాపసు పోవాలి. హోలీ రంగులకూ, గొడుగులకూ, నాకు వచ్చిన ఒకటి రెండు పెళ్లి సంబంధాలకూ కూడా అదే చట్టం వర్తించింది.

"మృగశిర కార్తె దాక చూస్త," అంది అమ్మ. "పిల్లలు పెట్టినయా, ఉంటయ్. లేదా, గదే సంచిల ఏసి నువ్వే అప్పజెప్పి రావాలె. ఏడ్సుకుంట పోతవో నవ్వుకుంట పోతవో నీ ఇష్టం."

నవ్వాను. నెల తిరిగేసరికి నవ్వు తగ్గింది. పొద్దున షట్టరు ఎత్తగానే లావుది అద్దానికి ముక్కు ఆనించి చూసేది. సన్నది నేను మాట్లాడితే నాలుక ఆడించేది. పాములకు వినపడదని ఎవరో చెప్పారు. మా వీధిలో వినబడేవాళ్లు మాత్రం నా మాట విన్నారా? వాటిని సంచీలో వేసి వాపసు ఇచ్చి వచ్చే రోజు తలుచుకుంటే అన్నం సయించేది కాదు. ఈ సంగతి అమ్మకు తెలిస్తే షరతు ఇంకా బిగిస్తుందని పైకి మాత్రం అది వ్యాపారమే అన్నట్టు తిరిగాను.

ఎలుకల పని కూడా నేననుకున్నట్టు సాగలేదు. పాములు అద్దాల పెట్టెలో ఉంటాయి, ఎలుకలు బియ్యం బస్తాల వెనక ఉంటాయి. నేను బోను పెట్టి ఎలుకను పట్టి, తీసుకుపోయి వాటికి వడ్డించాలి.

"పిల్లినయితె అదే పట్టుకొని తింటది," అంది అమ్మ. "గీటికి నువ్వు వంటోనివి. పాములను తెచ్చినవా, అల్లుండ్లను తెచ్చినవా?"

అడవి బీటు గార్డు బీడీలకు వచ్చి అద్దంలోకి తొంగిచూసి, "ఇది మన అడవిది గాదు గద?" అని ఒకసారి అడిగాడు. కాదు సార్, దిగుమతి సరుకు అన్నాను. అయితే నాకేం సంబంధం అని బీడీ ముట్టించుకున్నాడు.

పిల్లలు ఎట్లా పుడతాయో తెలుసుకోవడానికి కొత్తగూడెం నెట్ సెంటర్‌కు పోయాను. పక్క కుర్రాళ్లు తెర మీద ఏవేవో చూస్తూ నన్ను చూసి తెరకు అడ్డం కూర్చుంటున్నారు. నేను పాముల శృంగారం చదువుతూ వాళ్లను చూసి అడ్డం కూర్చుంటున్నాను. తేలిందేమిటంటే, ఈ పాములకు చలికాలం ఉండాలి. రెండు మూడు నెలలు చల్లగా, చీకటిగా, తిండి లేకుండా పడుకోవాలి. అప్పుడుగానీ వసంతం వచ్చిందని ఒంటికి తెలియదు. మేలుకుని, కుబుసం విడిచి, అప్పుడు జత కడతాయి. ఎండలు ముదిరేసరికి గుడ్లు, ఇంకో రెండు నెలలకు పిల్లలు. చలి లేకపోతే చాలాసార్లు ఇవేవీ ఉండవు.

మా దగ్గర చలికాలం ఒక పూట చలికాలం. పొద్దున నోట్లోంచి పొగ వస్తుంది, మధ్యాహ్నానికి చొక్కా ఒంటికి అతుక్కుంటుంది. ఆ పాములు పొద్దున నిద్రకు సిద్ధపడి మధ్యాహ్నం మనసు మార్చుకునేవి. ఏం చెయ్యాలా అని కొట్లో కూర్చుని చూస్తుంటే, ఎదురుగా కూల్‌డ్రింకుల ఫ్రిజ్ కనిపించింది.

అది కంపెనీవాళ్లు ఊరికే ఇచ్చింది. ఊరికే ఇచ్చింది అంటే మా ఇంట్లో దేవుడి పటం పక్కన స్థానం. షరతు ఒకటే, వాళ్ల సీసాలు తప్ప ఇంకేం పెట్టకూడదు. రోడ్డు పొడుగునా ఆ షరతును పాటించిన కొట్టు లేదు. అందరూ పాలపాకెట్లు, పెరుగు, మల్లెపూలు దాస్తారు. చలికాలం మా అడవి పక్క ఊళ్లలో కూల్‌డ్రింకు అడిగేవాడు ఉండడు కనుక ఫ్రిజ్ ఎటూ ఖాళీ. నవంబరు చివర పాములకు తిండి ఆపి, పొట్టలు ఖాళీ అయ్యాక, చిల్లులు పెట్టిన రెండు ప్లాస్టిక్ డబ్బాల్లో వాటిని పడుకోబెట్టి కింది అరలో పెట్టాను. మీట మరీ చల్లబడకుండా తిప్పి, లోపల థర్మామీటరు వేలాడదీసి, అద్దానికి ఆ కంపెనీ పోస్టరే అడ్డంగా అంటించాను. పై అరల్లో సీసాలు వరసగా నిలబడ్డాయి. కింద కొత్త దంపతులు.

జనవరిలో కంపెనీ సూపర్‌వైజర్ వచ్చాడు. టై కట్టుకున్న కుర్రాడు. పోస్టరు కింది అరకు ఎందుకు అంటించారని అనుమానం వచ్చింది.

"కింద ఏం పెట్టిన్రు?"

"ఖాళీ సార్."

వంగి డబ్బా అంచు చూశాడు. "ఖాళీ అంటున్రు, డబ్బా ఉన్నది. వేరే కంపెనీ సరుకు గద? చెప్పున్రి, నేనేం అనను."

"అమెరికాది సార్," అన్నాను. అబద్ధం చెప్పలేదు.

"మాతోని గూడ దాచిపెట్టవడ్తిరి," అని నవ్వుతూ మూత తీశాడు. నిద్రలో ఉన్న లావుది ఒక్కసారి నాలుక బయటపెట్టి, ఎవరో పరాయివాడని తెలుసుకుని, మళ్లీ లోపలికి తీసుకుంది. ఆ అబ్బాయి కొట్లోంచి ఎట్లా బయటికి పోయాడో నాకు సరిగ్గా గుర్తులేదు. టై మాత్రం శనగపప్పు బస్తాకు చిక్కుకుని కాసేపు ఆగిపోయి, మళ్లీ అతని వెనకే పోయినట్టు గుర్తు. రోడ్డు అవతలి నుంచి అరిచాడు.

"ఫ్రిజ్ గుంజుకపోతం!"

"వచ్చి తీస్కపోండ్రి సార్, తలుపు తీసే ఉన్నది!" అని అమ్మ గల్లా దగ్గర నుంచే అరిచింది.

ఎవరూ రాలేదు. అప్పటినుంచి ఆ అబ్బాయి మా కొట్టు తనిఖీ బండి దిగకుండానే చేసేవాడు. ఫ్రిజ్‌లో పాలపాకెట్లు పెట్టుకోవడానికి కూడా మాకు అడ్డం లేకుండా పోయింది. పాముల వల్ల వచ్చిన మొదటి లాభం అది. అమ్మ అది లెక్కలో వేసుకుందిగానీ పైకి అనలేదు.

ఫిబ్రవరిలో వాటిని బయటికి తీశాను. కొన్నాళ్లకు రెండూ కుబుసం విడిచి, కొత్త కాయల్లా మెరిశాయి. వసంతం రాగానే మగపాముకు తిండి మీద ధ్యాస పోతుందని నేను చదివినదాంట్లో ఉంది. సన్నది ఎలుకను చూసి మొహం తిప్పుకుంది. సరే మగాడు అనుకున్నాను. లావుది కూడా తిప్పుకుంది. కొత్త పెళ్లికూతురు, సిగ్గేమో అనుకున్నాను. పప్పును చేత్తో పట్టి ఊరు చెప్పేవాణ్ని, కళ్ల ముందున్నది చదువుకోలేకపోయాను.

ఒక మధ్యాహ్నం రెంటినీ పెద్ద అద్దాల పెట్టెలో వేశాను. కాసేపు ఒకదాన్నొకటి వాసన చూసుకున్నాయి. తర్వాత సన్నది లావుదాని మీద మెడ వేసింది. లావుది దాన్ని కిందికి నొక్కింది. రెండూ మెలికలు తిరిగి, తలలు పైకెత్తి, పెనవేసుకుని ఊగడం మొదలుపెట్టాయి. అన్నాళ్లూ వాటివైపు తల తిప్పి చూడని అమ్మ గల్లా వదిలి లేచి వచ్చింది. చేతులు జోడించింది. మా వైపు పాములు పెనవేసుకున్నప్పుడు వాటి మీద కొత్త తెల్లగుడ్డ వేసి, ఆ గుడ్డ దాచుకుంటే ఇంట్లో కలిమి నిలుస్తుందని నమ్మకం. వ్యాపారస్తులైతే ఆ గుడ్డను గల్లాలో పెట్టుకుంటారు. చేలగట్ల మీద అట్లాంటి దృశ్యం కోసం ఏళ్లు కాచుకుని కూర్చున్నవాళ్లున్నారు. మాకు అది షట్టరు లోపల జరుగుతోంది.

"అరేయ్, సూస్కుంట నిలవడ్డవేంది? గుడ్డ! కొత్త తెల్లగుడ్డ! జల్దీ ఉరుకు!"

పక్కది బట్టల కొట్టు. దాని యజమాని ముసలాయన్ను వీధంతా చాచా అనే పిలుస్తుంది. ఆయన మా నాయనతో బేరాలాడి పండిపోయిన మనిషి.

"చాచా, తెల్లగుడ్డ గావాలె. ఉతకంది. జల్దీ!"

"ఎంత? మీటరా, మీటరున్నరా?"

"పాములకు సరిపోను."

"పాముల కొలత నా కాడ లేదు బేటా. జాకెట్టు ముక్కనా, ధోతీనా?"

"ఏదైతేంది, ఇయ్యి. రేటెంత?"

ఆయన చెప్పాడు. నా నోరు నా మాట వినలేదు. "సగానికి ఇయ్యి చాచా," అంది.

"సగానికి సగం ధోతీ ఇస్త. కొయ్యాల్నా?"

"పక్కపక్క కొట్లోళ్లం, గింత రేటు జెప్తవా?"

"పక్కోడివి గనుకనే నీ అవసరం కనవడ్తుంది బేటా."

"అవి విడిపోతున్నయ్ రో!" అని అమ్మ కేక. చాచా చిరునవ్వుతో ధోతీని ఇంకోసారి మడతపెట్టాడు. ఆ రోజు ఆయన చెప్పిన రేటుకే కొన్నాను. చాచా కొట్టు కట్టేసి నా వెనకే చూడ్డానికి వచ్చాడు, దానికి టికెట్టు అడుగుదామనుకున్నాను గానీ టైము లేదు. అమ్మ ధోతీని పాముల మీద వేసి, నెమ్మదిగా తీసి, కళ్లకద్దుకుని గల్లాలో అడుగున పరిచింది.

ఆ వేసవి గిరాకీ నిజంగానే బాగుంది. తునికాకు బాగా తెగింది, గూడేల నుంచి వచ్చినవాళ్లు కూలి డబ్బులతో బియ్యం, నూనె, గాజులు కొన్నారు. అమ్మ ప్రతి సాయంత్రం గల్లా మూసేముందు ధోతీ అంచు ఒకసారి తాకేది. లావుదానికి మళ్లీ ఆకలి పుట్టింది. నేను నా చేత్తో బలిసిన ఎలుకలు ఏరి పెట్టాను. అది ఇంకా లావెక్కింది. నూనె కోసం వచ్చిన ఆడవాళ్లు అద్దంలోకి చూసి, "ఎన్నో నెల?" అని అడిగేవాళ్లు. అమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టేది. గుడ్లు పెడుతుందని కొబ్బరిపీచు తడిపి ఒక డబ్బాలో సర్దిపెట్టాను. లావుది అందులో దూరి హాయిగా పడుకునేది. గుడ్డు లేదు. మే పోయింది. కార్తె దగ్గరపడింది. అమ్మ ఒక రోజు పాత గుడ్డసంచీని ఉతికి తీగ మీద ఆరేసింది.

ఆ వారంలోనే ఒక జీపు మా కొట్టు ముందు ఆగింది. దిగిన మనిషిని గుండు వల్ల పోల్చుకోలేకపోయాను. గుండు మీద గంధం. హైదరాబాదులో పాములు అమ్మినతను. పిల్లల మొక్కు తీర్చుకోవడానికి భద్రాచలం పోయి, తిరుగుదారిలో ఇల్లెందు రోడ్డు మీద, బేరమప్పుడు నేను చెప్పిన ఊరి పేరు మా బోర్డు మీద చూసి ఆగాడు.

"ఎట్లున్నయ్ అన్నా నా పాములు?"

నా గుండెలో కొంచెం ధైర్యం వచ్చింది. అద్దం పెట్టె దగ్గరికి తీసుకుపోయి, ఎండాకాలం ముందు అవి ఎట్లా ఊగాయో, గుడ్డ ఎట్లా వేశామో గొప్పగా చెప్పాను. అతను లావుదాన్ని తీసి తోక మొదలు వేళ్లతో తడిమాడు. సన్నదాన్ని తడిమాడు. తోకలు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. జేబులోంచి సన్నటి పుల్ల తీసి, నూనె రాసి, నెమ్మదిగా తోక వైపు జరిపి చూశాడు.

"అన్నా, ఇది మగది."

"సన్నది గద? నేనన్నదే గద."

"ఇదీ మగదే, ఇదీ మగదే."

"మరి పెనవేసుకున్నయ్ గద!"

"అది కుస్తీ అన్నా. సీజన్ వస్తె మగవి గట్లనే ఒకదాన్నొకటి కింద పడేసుకుంటయ్. ఆడదాని కోసం కొట్లాట. గాడ ఆడది లేదాయె, ఊకెనే కొట్లాడుకున్నయ్." గుండు తుడుచుకున్నాడు. "ఆ రోజే చెప్తి గద, చూపించుకొని తీస్కపోండ్రని. చూసుడుకు చార్జా అంటిరి."

కొట్లో ఉన్నవాళ్లు నవ్వు ఆపుకోవడానికి బస్తాల వైపు తిరిగారు. నేను నా బేరాన్ని అంతా ఒకసారి వెనక్కి చూసుకున్నాను. తగ్గించుకున్నది ఎంత, పోగొట్టుకున్నది ఎంత అని మనసులోనే లెక్క వేసుకున్నాను.

అమ్మ నెమ్మదిగా గల్లా తెరిచి ధోతీని చూసింది. "అంటే గిన్నొద్దుల సంది నా గల్లాల ఉన్నది కుస్తీ గుడ్డనా?" అంది.

ధోతీ అంచు ఒకసారి తాకి చూసింది.

"కుస్తీదైనా గిరాకీ అయితె అయింది గద," అని తనకు తానే తేల్చుకుని గల్లా మూసింది. తర్వాత తీగ మీది సంచీ తీసి అతని ముందు పెట్టింది. "కార్తె వచ్చింది. నీ సరుకు కదల్లే. తీస్కపో."

నేను అతని చేతిలోంచి లావుదాన్ని తీసుకున్నాను. అది నా మణికట్టుకు చుట్టుకుంది. ఆ మాట వినలేదు కనుక అది హాయిగా ఉంది.

"తీస్కపోత అమ్మా," అన్నాడతను. "సగానికి."

అమ్మ ముఖం మారింది. నాకు ఆ ముఖం తెలుసు. చిన్నప్పటినుంచీ ఆ ముఖం చూసి పెద్ద పెద్ద డీలర్లు మంచినీళ్లు అడగడం చూశాను. నాకు ప్రాణం లేచొచ్చింది.

"సగానికా?"

"సెకండ్ హ్యాండ్ గదమ్మా."

"పాముకు సెకండ్ హ్యాండేంది? మొన్ననే పొర ఇడిచింది. మీదంత కొత్త తోలు. నువ్విచ్చిన్నాటి కంటె రెండింతలు బలిసినయ్. గా బలుపు ఎవరిది, నీదా?"

"మగవి గదమ్మా, ఎవరు కొంటరు?"

"ఆడది నీ కాడ ఉన్నదా?"

"ఉన్నది. దాని జోడు మగది పోయిన ఎండలకు పోయింది."

అమ్మ స్టూలు మీద కూర్చుంది. అమ్మ స్టూలు మీద కూర్చుందంటే బేరం ఇప్పుడే మొదలైందని అర్థం. "అట్లయితె గా ఆడదాన్ని పాలుకియ్యి."

మా వైపు మేకల్ని పాలుకిస్తారు. ఆడమేక ఒకరిది, మేపేవాళ్లు ఇంకొకరు. పుట్టిన పిల్లలు చెరిసగం, తల్లి మాత్రం ఎప్పటికీ సొంతదారుదే. ఊళ్లో ఎంతో మంది మేకల మందలు అట్లాగే పెరిగాయి. పామును పాలుకివ్వమని అడిగినవాళ్లు ఆ జిల్లాలో అమ్మకు ముందు ఎవరూ లేరని నా నమ్మకం. అతను గుండు గోక్కున్నాడు. చలి ఎట్లా పెడతారని అడిగితే అమ్మ ఫ్రిజ్ చూపించింది. హైదరాబాదులో అతనికి లేనిదల్లా అదే. ఒప్పుకున్నాడు.

అతను పోయాక అమ్మ సంచీని మడతపెట్టి నా చేతిలో పెట్టింది. "వచ్చే మృగశిర. గప్పుడు గూడ లేకుంటె మూడూ పోతయ్. ఈసారి ఇంకో మాట లేదు."

దసరా సరుకుతో పాటు ఆడపామును తెచ్చాను. ఈసారి పుల్ల పెట్టించి, చార్జీ కట్టి. ఆ చలికాలం ఫ్రిజ్ కింది అరలో మూడు డబ్బాలు. వసంతంలో కుబుసాలు అయ్యాక, ముందు ఏడాది గుడ్ల కోసం నేను కొత్త కోడల్ని మేపినట్టు మేపిన ఆ లావుదాన్నే పెళ్లికొడుకుగా ఆడదాని దగ్గర వదిలాను. అమ్మ ముందు జాగ్రత్తగా గల్లాలోంచి ధోతీ తీసి భుజం మీద వేసుకుని నిలబడింది. చాచా కూడా వచ్చాడు.

లావుది ఆడదాని వెన్ను మీద గడ్డం ఆనించి, సన్నగా వణుకుతూ ముందుకు జరిగింది. తోకలు కలిశాయి. ఆ తర్వాత ఇల్లెందు బస్సులో పక్కపక్క సీట్లు దొరికినవాళ్లలా చాలాసేపు కదలకుండా పడున్నాయి.

"గింతేనా?" అంది అమ్మ.

"గింతే."

"దీనికి ధోతీ ఎందుకు, చెయ్యి తుడుసుకునే దస్తీ గూడ దండుగే," అన్నాడు చాచా, తన సరుకు అమ్ముడుపోదని తెలిసి.

ఎండలు ముదిరే వేళకు ఆడది తిండి మానేసి, ఇంకోసారి కుబుసం విడిచి, తడి కొబ్బరిపీచులో చేరింది. ఒక పొద్దున చూస్తే ఒకదానికొకటి అతుక్కున్న తెల్లటి తోలుగుడ్లు. వాటిల్లో రెండు పసుపెక్కి ముడుచుకుని ఉన్నాయి. అమ్మ మిర్చిలో తాలుకాయల్ని ఏరినట్టు వాటిని గుర్తుపట్టి, "గివి తాలు," అంది. మిగతావాటిని నేను తడి ఇసుక డబ్బాలో పెట్టాను. కొట్టు లోపల రేకు కింద మనుషులే ఉడికిపోతున్నారు, కరెంటు ఎప్పుడు ఉంటుందో తెలియదు. రెండో రోజు డబ్బా పెట్టినచోట లేదు. వెతికితే, మంచినీళ్ల కుండ కింద పోసిన ఇసుకలో సగం పాతిపెట్టి ఉంది. కుండ చెమటకు ఆ ఇసుక ఎప్పుడూ చల్లగా, తడిగా ఉంటుంది.

నీళ్లు తాగడానికి వచ్చినవాళ్లతో అమ్మ అంటోంది: "గా మూలకు పోకున్రి. ఊరగాయ పెట్టిన, మైల తగుల్తది."

మృగశిర వచ్చింది. ఊరంతా చేపల కూర వాసన. అమ్మ షరతు గుడ్ల గురించి కాదు, పిల్లల గురించి. గుడ్లు గుడ్లలాగే ఉన్నాయి. పొద్దున్నుంచీ గొడుగులు అమ్ముతున్న అమ్మ వెనక నేను సంచీ ఎక్కడ దాచానా అని ఆలోచిస్తూ తిరిగాను. మధ్యాహ్నం అమ్మ చెంబుతో కుండ చుట్టూ ఇసుక మీద నీళ్లు చల్లింది.

"ఇంకెన్ని రోజులు?"

"ఇంకో నెల."

"ఊఁ," అంది. కాసేపటికి, "వానలొస్తె ఇసుక మరీ సల్లబడ్తది. అప్పుడు డబ్బాను లోపలికి తియ్," అని గొడుగు అడిగినవాళ్ల వైపు తిరిగింది. షరతు అట్లా దాటిపోయింది. నేను గమనించనట్టే ఉన్నాను. అలాంటప్పుడు థాంక్స్ చెబితే రేటు పెరుగుతుంది.

ముసురు పట్టిన రోజుల్లో గుడ్లకు గాట్లు పడ్డాయి. ఒక్కో గాటులోంచి ఒక్కో చిన్న తల బయటికి వచ్చి, బయట రేటు ఎట్లా ఉందో కనుక్కున్నాకే దిగుదామన్నట్టు ఒక రోజంతా అట్లాగే చూస్తూ కూర్చుంది. అన్నీ దిగాక పదమూడు. ఫోన్ డబ్బాలో బిళ్ల వేసి హైదరాబాదుకు చెప్పాను. పాలు పంచుకోవడానికి అతను వచ్చాడు, ఈసారి జుట్టుతో.

ఆరు అతనికి, ఆరు మాకు. అంత చిన్న నోళ్లకు ఇంకా కళ్లు తెరవని ఎలుక పిల్లల్ని వెతకడం మా వల్ల కాదని మా ఆరింటినీ అమ్మ అతనికే అమ్మేసింది. మిగిలిన ఒక్కటి ఎవరిదన్నదాని మీద టీలు రెండుసార్లు వచ్చాయి.

"బేసిది తల్లి సొంతదారుదమ్మా. తల్లి నాది."

"కుండ నాది. ఇసుక నాది. ఫ్రిజ్ నాది."

"ఫ్రిజ్ కంపెనీది గదమ్మా," అన్నాను నేను అలవాటుగా. అమ్మ చూసిన చూపుకు పిల్లపాములు కూడా సర్దుకున్నట్టనిపించింది. అతను చేతులెత్తేశాడు.

"సరే, మీరే ఉంచుకోండ్రి. ఆడదో మగదో చూసి పెడ్తా, చార్జీ గీర్జీ ఏం వద్దు."

"ఎందుకు వద్దు?" అంది అమ్మ. "చార్జీ ఎంతో చెప్పు. ఊకెనే చెప్పింది నేను నమ్మ."

అతను చెప్పాడు. అమ్మ గల్లా తెరిచి, ధోతీ పక్కకు జరిపి, చెప్పినంతా ఒక్క మాట లేకుండా ఇచ్చింది. మా ఇంట్లో అట్లా జరగడం నేను చూడటం అదే మొదటిసారి. అతను ఆ పిల్లను అరచేతిలో పెట్టుకుని, తోక మొదలు బొటనవేలితో నెమ్మదిగా నొక్కి చూశాడు.

"ఆడది."

"మంచిగ చూసినవా?"

"పైసలు తీస్కున్న గదమ్మా."

అతను తల్లినీ, పన్నెండు పిల్లల్నీ తీసుకుని పోయాడు. లావుది, సన్నది, ఈ కొత్త పిల్ల మిగిలాయి. సంచీని అమ్మ చింతపండు పొయ్యడానికి వాడేసింది.

"చలికాలం రాంగనే ఫ్రిజ్‌ల రెండో అర గూడ ఖాళీ జెయ్యి," అంది.

ఆ పిల్ల ఈడుకు రావడానికి మూడేళ్లు పడుతుంది. ఆ మాట నేను చెప్పలేదు. ఒక సీజన్ గడువు మీద బతుకుతున్నవాటికి అడక్కుండానే మూడేళ్లు దొరుకుతుంటే నోరు తెరిచేవాడు వ్యాపారస్తుడు కాడు. తల వంచుకుని చక్కెర పొట్లాలు కడుతూ కూర్చున్నాను.

"మూడేండ్లు పడ్తదట గద," అంది అమ్మ, గల్లాలో చిల్లర సర్దుతూ. "గాయినె చెప్పిండు. నువ్వు ఎందాక నోరు మూస్కుంటవో చూద్దామని ఊకున్న. గా పొట్లం సక్కగ కట్టు, కారుతుంది."